అపరిచిత భాషకు ఏ పుస్తకము, ఏ పనిముట్టు?

మన వార్షిక సంచికను ఎడమవైపు నుండి తెరచినవారికి తెలుగు, కుడివైపు నుండి తెరచినవారికి ఉర్దూ కనబడును. రెండు లిపులు ఎదురెదురుగా నడచి వచ్చి నడిమి పుటలలో కలిసికొనుట మన పాఠకులకు క్రొత్త కాదు. ఇంటిలో ఒక భాష, బజారులో మరియొక భాష, పరీక్షాపత్రములో మూడవ భాష వాడుచు పెరిగినవారు మన విద్యార్థినీ విద్యార్థులు. భాషల విషయమున ఇంత అలవాటు గలవారు కంప్యూటరు ప్రయోగశాలలో అడుగిడగానే ఏకభాషాపండితులగుచున్నారు. మొదటి సంవత్సరమున నేర్పిన ఒక్క ప్రోగ్రామింగు భాషతోనే చదువంతయు గడపి, రెండవ భాష ఎదురైనప్పుడు వెనుకకు అడుగు వేయుచున్నారు.

అట్టివారు కంప్యూటరు పాఠములు చెప్పు మా వద్దకు వచ్చి అడుగు ప్రశ్నలు రెండు. "ఏ పుస్తకం చదవాలి సర్?" అన్నది మొదటిది. "ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి?" అన్నది రెండవది. పైకి చిన్న ప్రశ్నలే. కాని మొదటి వారములో సరియైన సమాధానము దొరకనిచో ఆ విద్యార్థి ఆ భాషను తిరిగి ముట్టడు. అంతటితో పోయిన బాగుండును. తన బుద్ధి మీదనే అనుమానము పెంచుకొనును. తమ ఇంట తామే మొదట కళాశాల గడప త్రొక్కినవారు మన వద్ద ఎందరో కలరు. వారికి ఈ అనుమానము ఎంత చేటో పాలకవర్గము వారికి మేము వేరుగా చెప్పనక్కరలేదు. పుస్తకమును, పనిముట్టును విడివిడిగా కాక జతగా వెదకవలయుననియు, ఆ జత నేడు చాలవరకు ఉచితముగనే లభించుచున్నదనియు, మన కళాశాలలో లేనిది దానికి దారి చూపు ఏర్పాటు మాత్రమే అనియు మా అభిప్రాయము.

మాట గాలిలో పోకుండ ఒక్క భాషను ఉదాహరణగా తీసికొందము. దాని పేరు స్కీమ్. 1958లో జాన్ మెకార్థీ రూపకల్పన ప్రారంభించిన లిస్ప్ అను భాషకు ఇది సంతానము. 1975లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో జెరాల్డ్ సస్మన్, గై స్టీల్ అను ఇరువురు దీనిని రూపొందించిరి. ఇది మన పాఠ్యప్రణాళికలో లేదు. ఉద్యోగ ప్రకటనలలో దీని పేరు కనబడుట అరుదు. సి, జావా, పైథాన్ నేర్చిన విద్యార్థికి దీని రూపము బొత్తిగా కొత్త. అందుకనియే దీనిని ఎన్నుకొంటిమి. పరిచయమున్న వీధిలో దారి కనుగొనుట గొప్ప కాదు గదా!

రెండును మూడును కలుపుటకు స్కీమ్‌లో (+ 2 3) అని వ్రాయుదురు. చేయవలసిన పని మొదట, పనికి లోనగు వస్తువులు తరువాత. ఇంగ్లీషు ఆజ్ఞావాక్యములో క్రియ మొదట వచ్చినట్లే ఇచ్చటను వచ్చును. మనకు ఇది తలక్రిందులుగా తోచును. "రెండూ మూడూ కలుపు" అని తెలుగువాడు, "దో ఔర్ తీన్ జమా కరో" అని ఉర్దూ మాటలాడువాడు క్రియను చివర ఉంచును. విచిత్రమేమనగా, క్రియను చివర ఉంచు కంప్యూటరు భాషలు కూడ కలవు. చార్లెస్ మూర్ తయారు చేసిన ఫోర్త్ అను భాషలో 2 3 + అనియే వ్రాయుదురు. అచ్చు యంత్రములకు పుటలను వర్ణించి చెప్పు పోస్ట్‌స్క్రిప్ట్ భాషకు కూడ ఇదే పద్ధతి. మన వాక్యనిర్మాణమునకు ఇంత దగ్గరగా ఉన్న భాషలు కలవని మన విద్యార్థులలో ఎందరికి తెలియును? ఒకే భాష తెలిసినవాడు ఆ భాష అలవాట్లనే గణనశాస్త్ర నియమములని భ్రమించును. రెండవది నేర్చిన నాడుగాని మొదటిదానిలో ఏది నియమమో, ఏది అలవాటో తెలియదు.

ఈ భేదము అలంకారప్రాయమైనది కాదు, లెక్కలోనే కనబడును. ఒకటిని మూడుతో భాగింపుమని సి భాషలో పూర్ణసంఖ్యలతో అడిగినచో సున్న వచ్చును. నేటి పైథాన్‌ను అడిగినచో 0.3333333333333333 వచ్చును, ఇది సమీప విలువ మాత్రమే. స్కీమ్‌ను అడిగినచో 1/3 అనియే వచ్చును. అట్టి మూడు భాగములను కలుపుమన్నచో సరిగా 1 అని చెప్పును. ఏడవ తరగతిలో భిన్నములు నేర్చిన పిల్లవాడు ఏమి చెప్పునో అదియే. ఒకే ప్రశ్నకు మూడు సమాధానములు వచ్చినప్పుడు, యంత్రము సంఖ్యను లోపల ఎట్లు దాచుకొనును అను ప్రశ్న దానంతటదియే పుట్టును. ఆ ప్రశ్న పుట్టించుటకే రెండవ భాష. మేము గంటసేపు నల్లబల్ల మీద వ్రాసి చెప్పినను ఆ ప్రశ్న అంత చురుకుగా పుట్టదు.

పనిముట్టు సంగతికి వత్తము. మన దేశపు కళాశాలలలో అనేకచోట్ల సి భాషను టర్బో సి అను పనిముట్టుతో నేర్పుచు వచ్చిరి. అది 1987లో వెలువడినది. ఆనాటి యంత్రములకు అది ఎంతో తగినది. చౌకయైనది, వేగము గలది. తయారు చేసినవారిని తప్పుపట్టుటకు లేదు. కాని దానిలో సాధారణ పూర్ణసంఖ్యకు 16 బిట్లు మాత్రమే చోటు. 32767 దాటిన సంఖ్య అందులో పట్టదు. 1 నుండి 8 వరకు గల సంఖ్యల లబ్ధము 40320. దానిని ఆ పనిముట్టుతో సాధారణ పూర్ణసంఖ్యగా లెక్క కట్టించినచో -25216 అని చూపును! ధనసంఖ్యలను గుణింపగా ఋణసంఖ్య వచ్చుట చూచి విద్యార్థి తన ప్రోగ్రాములో తప్పున్నదనుకొనును. నేటి కంపైలరులో అదే ప్రోగ్రాము సరియైన విలువ నిచ్చును. 13 వరకు పోయినప్పుడు అదియు తడబడును. స్కీమ్‌లో 25 వరకు గుణింపుమన్నను 15511210043330985984000000 అని ఒక్క అంకె తప్పకుండ చెప్పును, ఏలయనగా సంఖ్య పెరిగిన కొలది అది చోటును పెంచుకొనును.

సి భాషకు 1989లో అమెరికాలో ప్రమాణము ఏర్పడినది. 1999లోను, 2011లోను, 2024లోను అంతర్జాతీయ ప్రమాణముగా దాని కొత్త కూర్పులు వెలువడినవి. టర్బో సి ఆ తొలినాళ్లలోనే నిలిచిపోయినది. దానికి సరిపడు గైడు పుస్తకములు మాత్రము తరువాతి కాలములోను అచ్చగుచు వచ్చినవి. కోనియో అను శీర్షిక ఫైలు, తెర తుడుచు ఆజ్ఞ, మెయిన్‌కు ముందు వాయిడ్ అని వ్రాయుట, ఇవన్నియు ఆ ఒక్క పనిముట్టు అలవాట్లు. వాటిని భాషా నియమములుగా కంఠస్థము చేసిన విద్యార్థి మరియొకచోట ఉద్యోగ పరీక్షకు కూర్చున్నప్పుడు, ఎదుట నున్న కంపైలరు కోనియోను ఎరుగనని మొరాయించును. విద్యార్థి చదివినది సి కాదు. ఒక కాలపు ఒక పనిముట్టులోని సి. కాగా ఉచితముగా లభించు జీసీసీ అను కంపైలరు మొదట వెలువడినది కూడ అదే 1987లో. అది నేటికిని పెరుగుచునే ఉన్నది. ఇరువురూ ఒకే ఏట పుట్టినవారు. ఒకరు బడి మానిరి, ఒకరు చదువుచునే ఉన్నారు.

పుస్తకము, పనిముట్టు జతగా నుండవలయునని మేము అనుటకు కారణమిది. స్కీమ్ విషయమున ఈ జాగ్రత్త మరింత అవసరము. లిస్ప్ కుటుంబములో శాఖలు పలు. 1994లో ప్రమాణము పొందిన కామన్ లిస్ప్ ఒకటి, స్కీమ్ మరియొకటి, యంత్రభాగముల చిత్రములు గీయువారు ఆటోక్యాడ్‌లో వాడు ఆటోలిస్ప్ ఇంకొకటి. పాత పుస్తకముల దుకాణములో అట్ట మీద లిస్ప్ అని ఉన్నదని కొని తెచ్చి, అందులోని ప్రోగ్రామును స్కీమ్ పనిముట్టులో వ్రాసినచో మొదటి పంక్తిలోనే దోషము చూపును. కామన్ లిస్ప్‌లో ప్రమేయమును నిర్వచించు మాట డీఫన్. స్కీమ్‌లో అది డిఫైన్. మన హైదరాబాదులో "నక్కో" అన్నచో చిన్నపిల్లవానికిని తెలియును. లక్నోలో అదే మాట అన్నచో ముఖము చూతురు. రెండును ఉర్దూయే గదా అని వాదించి లాభములేదు. కనుక పుస్తకము చేతికి వచ్చినప్పుడు మొదట చూడవలసినది వెల కాదు, పుటల సంఖ్య కాదు. ఇది ఏ శాఖకు, ఏ పనిముట్టుకు వ్రాసినది అన్నదే. ముందుమాటలో రచయిత ఆ సంగతి చెప్పనిచో ఆ పుస్తకమును తిరిగి బీరువాలో ఉంచుట మేలు.

స్కీమ్‌కు మంచి పుస్తకములు కొరత లేదు. హెరాల్డ్ ఏబెల్సన్, జెరాల్డ్ సస్మన్, జూలీ సస్మన్ల సహకారముతో వ్రాసిన స్ట్రక్చర్ అండ్ ఇంటర్‌ప్రిటేషన్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామ్స్ 1985లో వెలువడినది; రెండవ కూర్పు 1996లో వచ్చినది. ప్రచురణకర్తలే దీని పూర్తి పాఠమును ఉచితముగా చదువుకొను ఏర్పాటు చేసిరి. 1986లో రచయితలు హ్యూలెట్ ప్యాకార్డ్ ఉద్యోగులకు చెప్పిన ఉపన్యాసముల దృశ్యముద్రణలు కూడ ఉచితముగా లభించుచున్నవి. జావాస్క్రిప్ట్ భాషకు అనువుగా మార్చిన కూర్పు 2022లో వచ్చినది. ఇంత ఖ్యాతి గల గ్రంథమును చూచి మన విద్యార్థి దానితోనే ప్రారంభింపబోవును. వలదని మా సలహా. మొదటి అధ్యాయములోనే న్యూటన్ పద్ధతిలో వర్గమూలము, మరికొంత దూరములో అవకలనము ఎదురగును. గణితము ముఖ్యవిషయముగా చదివినవారికి అవి పండుగ. వాణిజ్యశాస్త్రముతో పాటు కంప్యూటరు చదువువారికి అవి గోడలు. అచ్చట ఆగిపోయినవాడు స్కీమ్ కఠినమనుకొనును. నిజమునకు అతనిని ఆపినది స్కీమ్ కాదు, కలనగణితము.

ప్రారంభమునకు తగినది హౌ టు డిజైన్ ప్రోగ్రామ్స్ అను గ్రంథము. మత్తియాస్ ఫెల్లైసెన్, రాబర్ట్ ఫిండ్లర్, మాథ్యూ ఫ్లాట్, శ్రీరామ్ కృష్ణమూర్తి అను నలుగురు కలిసి 2001లో ప్రకటించిరి. రెండవ కూర్పు 2018లో వచ్చినది. ఇదియు ఉచితముగా చదువదగినదే. దీనిలో పైకము లెక్కలు, చిన్న బొమ్మల కదలికలు, పేర్ల జాబితాలు ఉదాహరణములు. ప్రోగ్రాము వ్రాయుటకు ముందే, ఇచ్చిన దత్తాంశము ఏమి, రావలసిన ఫలితమేమి అని రెండు మూడు ఉదాహరణలు కాగితము మీద వ్రాయుమని ప్రతి అభ్యాసములోను పట్టుబట్టుదురు. మన విద్యార్థులు దీనిని చాదస్తమందురు. మాకు మాత్రము ఈ చాదస్తమే నచ్చినది.

మూడవది డేనియల్ ఫ్రీడ్మన్, ఫెల్లైసెన్‌ల ది లిటిల్ స్కీమర్. 1974లో ది లిటిల్ లిస్పర్ అను పేరుతో ఇది పుట్టినది. పుస్తకమంతయు ప్రశ్నోత్తరములే, ఎడమవైపు ప్రశ్న, కుడివైపు జవాబు. జవాబును అరచేతితో మూసి చదువవలయును. దీనిని చదువుటకు కంప్యూటరు ఎదుట నుండనక్కరలేదు. రోజూ గంటన్నర సిటీబస్సులో ప్రయాణము చేయువారికి, ఇంట యంత్రము లేనివారికి ఇంతకంటె అనువైన పుస్తకము మేము చూడలేదు. అయితే ఇది ఉచితము కాదు, కొనవలసినదే. గ్రంథాలయపు సొమ్ము వ్యయము చేయవలసినది ఇట్టి చోటనే అని మనవి.

ఇక దీనికి జతయగు పనిముట్టు. స్కీమ్ కుటుంబములోని రాకెట్ అను భాషకు డాక్టర్ రాకెట్ అను పనిముట్టు కలదు. ఇది 2010 వరకు డాక్టర్ స్కీమ్ అను పేరుతో నుండెడిది. వెల లేదు, విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటను పనిచేయును, ఒక్కమారు తెచ్చుకొన్నచో ఆ తరువాత ఇంటర్నెట్ లేకున్నను నడచును, వివరణ గ్రంథము కూడ దానితోనే వచ్చును. తెర రెండు భాగములుగా నుండును. పై భాగమున మనము వ్రాసికొందుము. క్రింది భాగమున ప్రశ్న వేసిన వెంటనే జవాబు వచ్చును. ఈ వెంటనే వచ్చు జవాబు కొత్త భాష నేర్చువానికి ప్రాణము వంటిది. ముద్దు ముద్దుగా తప్పులు మాటలాడుచు పిల్లలు భాష నేర్చుకొనుట లేదా?

దీనిలో మాకు మిక్కిలి నచ్చిన గుణము వేరొకటి. విద్యార్థి స్థాయిని బట్టి భాషనే చిన్నదిగా చేయవచ్చును. ప్రారంభకుల స్థాయిని ఎన్నుకొన్నచో అవసరము లేని సౌకర్యములు కనబడవు. దోషసూచనలు కూడ ఆ స్థాయికి తగినట్లుండును. (+ 2 (3)) అని పొరపాటున వ్రాసినచో, ఆవరణ చిహ్నము తరువాత ప్రమేయము ఉండవలసినచోట సంఖ్య కనబడినదని చెప్పును. తప్పెక్కడో తెలిసిపోయెను. (* 5 (+ 2 3)) అని వ్రాసి అడుగడుగు చూపుమని కోరినచో, మొదట (* 5 5) అనియు, పిదప 25 అనియు లెక్కలమాస్టరు నల్లబల్ల మీద చేసినట్లు చేసి చూపును. అంతియే కాదు, ప్రమేయములకు, చలరాశులకు తెలుగు లిపిలోనో, ఉర్దూ లిపిలోనో పేర్లు పెట్టుకొనవచ్చును. "వైశాల్యము" అని పేరు పెట్టినను యంత్రమునకు అభ్యంతరము లేదు. పెద్ద ప్రోగ్రాములకు ఇది తగదు. కాని మొదటి నెలలో, పేరు చూడగానే పని ఏదో తట్టవలసిన రోజులలో, ఈ సౌకర్యము ఎంత ఉపశమనమో ఇంగ్లీషు మాధ్యమమున చదివినవారికి ఊహకందదు.

ఈ భాష అన్నము పెట్టునా అని తల్లిదండ్రులు అడుగుదురు. అడుగుట న్యాయమే. పెట్టదనియే మా జవాబు. అన్నము పెట్టు భాషలను సులువుగా నేర్చుకొను శక్తి నిచ్చును. వాడుక ముగిసిన జ్ఞాపకస్థలమును యంత్రమే తుడిచి తిరిగి వాడుకొను ఏర్పాటు లిస్ప్‌తోనే మొదలైనది. నేటి జావా, పైథాన్‌లలో అది కలదు. ప్రమేయమును ఒక విలువ వలె చేతినుండి చేతికి అందించుట అందులోనిదే; అట్టి పేరు లేని ప్రమేయములు సి++ భాషకు 2011లో, జావాకు 2014లో వచ్చినవి. 1995లో బ్రెండన్ ఐక్‌ను నెట్‌స్కేప్ వారు పిలిచినది బ్రౌజరులో స్కీమ్‌ను పెట్టుమనియే; చివరకు తయారైనది జావాస్క్రిప్ట్. దానిలో స్కీమ్ ఛాయలు నేటికిని కలవు. చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున రైతుబిడ్డగా 1937లో జన్మించి, తన కుటుంబములో మొదట కళాశాలకు పోయిన రాజ్ రెడ్డి గారు, లిస్ప్ సృష్టికర్తయగు మెకార్థీ వద్దనే స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధన చేసి 1966లో డాక్టరేటు పొందిరి. 1994లో ట్యూరింగ్ పురస్కారము ఆయనను వరించినది. అందరును రాజ్ రెడ్డి కాలేరు. కాని ఆయన నడచిన దారిలో మొదటి మెట్టు మన ఊళ్ల నుండి అంత దూరము కాదు.

అసలు చిక్కు ఇంగ్లీషు. పై గ్రంథములన్నియు ఆ భాషలోనివే. ఈ నగరమునకు ఈ సమస్య కొత్తది కాదు. 1917లో దారుల్ తర్జుమా అను అనువాద సంస్థను స్థాపించి, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయమును ఉర్దూ మాధ్యమమున ప్రారంభించిన చరిత్ర మనది. గణితము, భౌతికశాస్త్రము, వైద్యము, ఇంజనీరింగు గ్రంథములను తర్జుమా చేసి, వేలాది పారిభాషిక పదములను సృష్టించిరి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి తెలుగులో కళాశాల స్థాయి పాఠ్యగ్రంథములను, పదకోశములను వెలువరించినది. ఆ సంప్రదాయములు రెండును మన కళాశాల గోడల మధ్య కలిసియున్నవి. అయినను ఒక్క పెద్ద గ్రంథమును పూర్తిగా అనువదించు పని ఇప్పుడు తలపెట్టుట మాకు సమ్మతము కాదు. అనువాదము ముగియునాటికి భాష కూర్పు మారును, పనిముట్టు మారును. చేయదగినది చిన్న పదకోశము. చలరాశి, ముతగయ్యిర్, ప్రమేయము, తఫాఉల్, ఇట్లు రెండు వందల మాటలు రెండు లిపులలో, ఒక్కొక్కదానికి రెండు పంక్తుల వివరణతో, ఒక్కొక్క చిన్న ఉదాహరణతో. ఉర్దూ విభాగపు విద్యార్థులు, తెలుగు విభాగపు విద్యార్థులు ఒకే బల్ల వద్ద కూర్చొని చేయవలసిన పని యిది. తనను తానే పిలుచుకొను ప్రమేయమునకు మంచి తెలుగుమాట యేదని మాలో మాకే ఇంకను తగవు తీరలేదు. విద్యార్థులు తీర్చుదురేమో చూతము.

సి, పైథాన్ వంటి భాషలకైనచో బొంబాయి ఐఐటీ వారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠములు తెలుగు గొంతుతో కూడ కలవు. ఒక్కొక్కటి సుమారు పది నిమిషములు. స్కీమ్ వంటి అపరిచిత భాషకు అట్టి ఊతము తక్కువ. ఆ లోటును ఇప్పుడు విద్యార్థులు కృత్రిమ మేధ యంత్రములను అడిగి పూరించుకొనుచున్నారు. దోషసూచనకు అర్థము తెలుగులో చెప్పుమని అడుగుట మంచిదే, మేమును ప్రోత్సహించుచున్నాము. అభ్యాసమునే చేసిపెట్టుమనుట వ్యాయామశాలకు పోయి పనివానిచే బరువులు ఎత్తించుట వంటిది. పైగా అది సరియైనదానిని, సరికానిదానిని ఒకే ధైర్యముతో చెప్పును. తప్పును పట్టుకొనుటకైనను మంచి పుస్తకము ప్రక్కన ఉండవలసినదే, జవాబును పనిముట్టులో వేసి పరీక్షింపవలసినదే.

కళాశాల పాలకవర్గము వారికి మా విన్నపములు ఖర్చుతో కూడినవి కావు. గ్రంథాలయములో ప్రోగ్రామింగు బీరువాను ఒకమారు తెరిపించి చూడుడు. ఒకే గైడు పుస్తకము ప్రతులు వరుసగా నిండియున్నవి. తక్కువ ధరకు కోట్ చేసినవారి జాబితా నుండి కొన్న ఫలితమిది. మంచి మూలగ్రంథము ఒక్కటి ఉన్నచోట దాని మీద "బయటికి ఇవ్వబడదు" అను ముద్ర పడియున్నది. అపరిచిత భాష పుస్తకము గ్రంథాలయపు కుర్చీలో అరగంట చదివినచో వంటబట్టదు. అది యంత్రము ప్రక్కన, కీబోర్డు మీద చేయి ఉన్నప్పుడు తెరచియుండవలయును. పైన చెప్పిన రెండు ఉచిత గ్రంథములకును లాభాపేక్ష లేని ప్రతులు తీసికొనుటకు రచయితల అనుమతి కలదు. పదేసి ప్రతులు అచ్చువేయించి దారముతో కుట్టించి ప్రయోగశాలలోనే ఉంచినచో, వచ్చు ఏడాది గైడుల కొనుగోలులో ఒక చిన్న భాగము చాలును. ది లిటిల్ స్కీమర్ ప్రతులు నాలుగు కొని ఇండ్లకు ఇచ్చినచో మేలు.

ప్రయోగశాలలోని యంత్రములలో కంపైలరులు, డాక్టర్ రాకెట్ వేయుట మేమే చేయుదుము. ఒక పెన్‌డ్రైవులో పట్టు పని. ఫోను మాత్రమే గల విద్యార్థులు మన వద్ద సగము పైనే. ఫోనులో పుస్తకము చదువవచ్చును గాని ఆవరణ చిహ్నములు లెక్కపెట్టుచు ప్రోగ్రాము వ్రాయుట బొటనవ్రేళ్లతో సాధ్యమగు పని కాదు. వారికి కీబోర్డు దొరకు చోటు ఈ ప్రయోగశాల ఒక్కటే. అది సాయంత్రము నాలుగింటికే మూతబడుచున్నది. పాఠములు ముగియునది కూడ నాలుగింటికే. చీకటి పడకముందే ఇల్లు చేరవలసిన విద్యార్థినులకు సాయంత్రము పొడిగించినను ప్రయోజనము లేదు. వారు కోరినది శనివారము ఉదయము. పది నుండి ఒంటిగంట వరకు తెరచియుంచుటకు అనుమతి కోరుచున్నాము. మాలో ఇద్దరము వంతులవారీగా కూర్చుండుటకు అంగీకరించితిమి. హాజరు పుస్తకము మేమే వ్రాయుదుము. తాళపుచెవి శుక్రవారము సాయంత్రము ఎవరి వద్ద నుండి తీసికొనవలయునో కార్యాలయము వారు తెలియజేసినచో చాలును.